వ్యాసాలు కుదించాలా, పేజీ మార్చాలా?

ఒంగోలు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: “ప్రకాశం జిల్లా వార్తలు, పొగాకు ధరలు, స్థానిక చరిత్ర మీద పెద్ద వ్యాసాలతో చిన్న వెబ్ పత్రిక నడుపుతున్నాం. ఎక్కువమంది వాట్సాప్‌లో లింకు నొక్కి వస్తారు, కొన్ని సెకన్లలో వెళ్ళిపోతారు. ఈ రోజుల్లో ఎవరూ చదవరు కాబట్టి ప్రతి వ్యాసాన్నీ 300 మాటలకు కుదించి, కార్డులుగానో (బొమ్మతో పాటు నాలుగు మాటలుండే చిన్న పెట్టెలు) వీడియోలుగానో మార్చమని మా డిజైనర్ అంటున్నాడు. చేయమంటారా?”

వద్దండి. వ్యాసాల జోలికి పోకుండా పేజీని మార్చండి.

మీ పాఠకులు చదవడం మానేయలేదు. లింకు నొక్కగానే ఇది తమకు పనికొస్తుందా, ఇప్పుడే చదవాలా అన్నది తేల్చుకోవాలని చూస్తున్నారు. అందుకు కావలసిన ఆధారం మొదటి తెరలో దొరకకపోతే వెళ్ళిపోతున్నారు. ఉండిపోయినవాళ్ళు కూడా ఏకబిగిన చదవరు. బస్సు వస్తుంది, ఫోను మోగుతుంది, దుకాణంలోకి బేరం వస్తుంది. అందువల్ల ఇప్పటి పత్రిక పేజీకి పనులు రెండు: వచ్చినవాళ్ళను త్వరగా తేల్చుకోనివ్వడం, మధ్యలో ఆపినవాళ్ళు మళ్ళీ అందుకునేలా ఉండడం. పొడవు తగ్గిస్తే ఈ రెండింటిలో ఏదీ జరగదు.

నేను నెల్లూరులో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌కు పేజీలు పెట్టించే సబ్ ఎడిటర్‌గా మొదలై, తరవాత వార్తా సైట్లకు పేజీలు రూపొందించే పనిలోకి వచ్చాను. చెప్పబోయేదంతా నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులను చూసి చెబుతున్నది. హైదరాబాదు సంస్థల అవసరాలు వేరుగా ఉండవచ్చు.

మీ డిజైనర్ మాటకు ఆధారం లేకపోలేదు. వెబ్ పేజీల వాడకం మీద పరిశోధన చేసే జాకబ్ నీల్సన్ 1997లో పరీక్షించినప్పుడు, కొత్త పేజీ తెరిచినవాళ్ళలో 79 శాతం మంది పైపైన చూపు పరిగెత్తించారు, ప్రతి మాటా చదివినవాళ్ళు 16 శాతం. 2006లో ఆయన సంస్థ కంటి కదలికలను నమోదు చేసి, చూపు ముందు పై వరసల మీద అడ్డంగా, ఆ తరవాత ఎడమ అంచు వెంట కిందికి, ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో పోతుందని చెప్పింది. 2014లో, సైట్ల పాఠకులను లెక్కించే చార్ట్‌బీట్ సంస్థ లెక్కల్లో 55 శాతం మంది పేజీ మీద 15 సెకన్లు కూడా నిలవలేదు. డిజైన్ గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు.

ఆ తరవాతి భాగం కూడా వినాలి. ఎఫ్ ఆకారం పాఠకుడి స్వభావం కాదనీ, ఉపశీర్షికలూ ఖాళీలూ లేకుండా కుక్కిన పేజీ మీదే ఎక్కువగా చూపు అలా పోతుందనీ అదే సంస్థ 2017లో వివరణ ఇచ్చింది. అంటే అది పేజీ లోపం. 2016లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ అమెరికాలో 30 వార్తా సైట్లను జనం ఫోన్లలో ఎలా చదువుతున్నారో పరిశీలించింది. వెయ్యి మాటలు దాటిన వ్యాసాల మీద పాఠకులు సగటున 123 సెకన్లు గడిపారు, చిన్నవాటి మీద 57 సెకన్లు. ఒక్కో పెద్ద వ్యాసానికి వచ్చినవాళ్ళు కూడా చిన్నవాటితో దాదాపు సమానమే. అమెరికా లెక్క కనిగిరికి యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. కాని నేను ఇక్కడ చూసినదీ అదే వైపు చూపిస్తోంది.

మీ సెకన్ల లెక్కను కూడా ఒకసారి అనుమానించండి. 2023 జూలైలో ఆగిపోయిన, సైటుకు వచ్చినవాళ్ళను లెక్కించే పాత గూగుల్ అనలిటిక్స్‌లో, ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోకపోతే, ఒకే పేజీ చూసి వెళ్ళినవాళ్ళ సమయం సున్నాగా పడేది. వాట్సాప్ నుంచి వచ్చి, వ్యాసమంతా పది నిమిషాలు కూర్చుని చదివి వెనక్కి వెళ్ళినవాళ్ళకూ సున్నాయే! ఆ సున్నాలు చూసి ఎన్ని పత్రికలు పెద్ద వ్యాసాలు మానేశాయో. ఇప్పటి గూగుల్ అనలిటిక్స్ 4 (జీఏ4) పేజీ కళ్ళ ముందు ఉన్నంతసేపూ లెక్కిస్తుంది కాబట్టి కొంత నయం. అయినా సగటును నమ్మకండి. తొమ్మిది మంది మూడేసి సెకన్లలో వెళ్ళిపోయి, ఒకరు తొమ్మిది నిమిషాలు ఉంటే సగటు ఇంచుమించు నిమిషం వస్తుంది. నిమిషంపాటు ఉన్న పాఠకుడు వాళ్ళలో ఒక్కడూ లేడు. వచ్చినవాళ్ళు పేజీలో ఎంత కిందిదాకా దిగారో చూడండి. జీఏ4 తనంతట తాను 90 శాతం దగ్గర మాత్రమే గుర్తు వేస్తుంది. 25, 50, 75 శాతాల దగ్గర గుర్తులు మీరు పెట్టించుకోవాలి.

ప్రతి వ్యాసమూ మొదటి పేజీయే

న్యూయార్క్ టైమ్స్ లోపలి నివేదిక ఒకటి 2014లో బయటికి పొక్కింది. రెండేళ్ళలో వాళ్ళ హోమ్ పేజీకి వచ్చేవాళ్ళు సగానికి పడిపోయారని అందులో ఉంది. మన జిల్లాల్లో ఆ పడిపోవడం కూడా లేదు, ఎందుకంటే పైకి లేచిందే లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఊళ్ళలో చాలామందికి ఇంటర్నెట్ చదువు వాట్సాప్‌తోనే మొదలైంది. హోమ్ పేజీ తెరిచి, శీర్షికలు చూసి, ఒకటి ఎంచుకునే అలవాటు వాళ్ళకు ఎప్పుడూ లేదు. అయినా మన పత్రికలు నెలల తరబడి హోమ్ పేజీనే చెక్కుతుంటాయి. కారణం నాకు తెలుసు: యజమాని పొద్దున్నే తెరిచేది అదొక్కటే.

అందుకని ఉన్న డబ్బూ సమయమూ వ్యాసం పేజీ మీద పెట్టండి. మొదటి తెరలో శీర్షిక, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు రాశారు, విషయం ఏమిటో చెప్పే ఒకే వాక్యం, చదవడానికి ఎంతసేపు పడుతుందో సూచన, వ్యాసం మొదటి రెండు వరసలు కనిపించాలి. ఆ రెండు వరసలు చాలా ముఖ్యం. తెర నిండా ఫొటో పెడితే కింద వ్యాసం ఉందని సగంమందికి తెలియదు. నోటిఫికేషన్లు పంపమంటారా, యాప్ వేసుకుంటారా అని అడ్డుపడే పెట్టెలను మొదటి రాకలో అసలు చూపకండి. మీరెవరో ఇంకా తెలియని మనిషిని అనుమతి అడగడం ఏమిటి?

వాట్సాప్‌లో లింకుతో పాటు కనిపించే చిన్న పెట్టె కూడా మీ పేజీలో భాగమే. దాన్ని పేజీ కోడ్‌లో రాసే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులతో మీరే నిర్ణయించవచ్చు. తెలుగు శీర్షిక అక్కడ త్వరగా తెగిపోతుంది, కాబట్టి ఊరూ విషయమూ ముందు రావాలి, విశేషణాలు వెనక. బొమ్మ 1200 పిక్సెళ్ళ వెడల్పు, 630 పిక్సెళ్ళ ఎత్తు ఉంటే సరిపోతుంది. బొమ్మ మీద చిన్న అక్షరాలు రాయకండి, ఎవరూ చదవలేరు.

తేదీ విషయంలో నేను మొండిగా ఉంటాను. 2021 నవంబరులో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. అప్పుడు నేను పనిచేస్తున్న సైటులో ప్రతి మార్పుకూ ఒక కొత్త వార్త పేపరు పద్ధతిలోనే వెళ్ళేది. పొద్దున రాసిన వార్త రాత్రికి గ్రూపుల్లో తిరుగుతుంటే చదివినవాళ్ళు అదే తాజా అనుకునేవారు. అందుకని వార్తలన్నీ ఒకే చిరునామా ఉన్న పేజీలోకి తెచ్చాం. అన్నిటికన్నా పైన మూడు వరసలు: రోడ్డు, రైలు, కరెంటు. ప్రతి వరస పక్కన ఎన్ని గంటలకు తెలిసిందో. దాని కింద కొత్తవి పైన, పాతవి కింద. లింకు ఎప్పుడు పంచినా, ఎప్పుడు తెరిచినా తాజా పరిస్థితే కనిపించేది. వివరమైన కథనాలకు లింకులు అడుగున ఉంచాం. నీళ్ళు తగ్గాక వాటిని చాలామంది తీరిగ్గా చదివారు.

చూసిపోయేవాళ్ళను పట్టి ఆపకండి

మీ పొగాకు ధరల పేజీకి ఇది నేరుగా వర్తిస్తుంది, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల రైతుల కోసం ఒక ధరల పేజీ చేశాం. 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగే సైజు) ఎంత, 50 కౌంట్ ఎంత, 30 కౌంట్ ఎంత, అదీ వాళ్ళకు కావలసినది. మేము వెళ్ళేసరికి ఆ అంకెలు మూడో పేరాలో, మార్కెట్ ఒడిదుడుకుల మీద ఒక ఉపోద్ఘాతం తరవాత ఉండేవి. అంకె పైన పెడితే చూసి వెళ్ళిపోతారని, ప్రకటనలు కనిపించవని ఆ సైటువాళ్ళ భయం. నా వాదన వేరు. ఐదు సెకన్లలో పని ముగించుకుని వెళ్ళిన రైతు రేపు మళ్ళీ వస్తాడు. ఉపోద్ఘాతం దాటించుకుంటూ వెతికిన రైతు రేపు ఏజెంటుకు ఫోను చేస్తాడు.

ధరలు పైకి వచ్చాయి. పట్టికలో మూడే నిలువు గడులు: కౌంట్, ధర, నిన్నటికీ ఈ రోజుకూ తేడా. ఏడెనిమిది గడుల పట్టికను పక్కకు జరుపుతూ చూడమంటే ఫోనులో ఎవరి వల్లా కాదు. పట్టిక కింద ఒకే ఒక్క వ్యాసానికి లింకు పెట్టాం, తెల్లమచ్చ వ్యాధి గురించి. అది బాగా పెద్ద వ్యాసం. ఆ లింకు నుంచి వెళ్ళినవాళ్ళు వాట్సాప్ నుంచి నేరుగా ఆ వ్యాసానికే వచ్చినవాళ్ళకన్నా చాలా కిందిదాకా చదివారు. ప్యూ పరిశీలనలోనూ ఇదే తేలింది: అదే సైటు లోపలి లింకు నుంచి వచ్చినవాళ్ళు పెద్ద వ్యాసాల మీద ఎక్కువసేపు ఉన్నారు, సామాజిక మాధ్యమాల నుంచి వచ్చినవాళ్ళు తక్కువసేపు ఉన్నారు. ధర చూడవచ్చినవాడూ, వ్యాసం చదివేవాడూ ఒకే మనిషి కావచ్చు. వేళ మాత్రం వేరు.

మీ విషయంలో ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలు వరస పేర్లుగా, గరిష్ఠ, కనిష్ఠ, సగటు ధరలు నిలువు గడులుగా పెట్టండి. ఎన్ని బేళ్ళు వచ్చాయి, ఎన్ని కొన్నారు అన్నది వరస నొక్కితే తెరుచుకుంటే చాలు. కొండపిలో అమ్ముకునే రైతుకు కొండపి ధరే ముందు కావాలి. ఒకసారి ఎంచుకున్న కేంద్రాన్ని ఫోనులోనే గుర్తుపెట్టుకుని, మరుసటి రోజు దాన్నే పైన చూపండి. దీనికి లాగిన్ అవసరం లేదు.

తెలుగు అక్షరానికి చోటివ్వండి

మీ పేజీ నేను చూడలేదు. కాని తెలుగు సైట్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషు కోసం చేసిన థీముల (సిద్ధంగా దొరికే పేజీ నమూనాల) మీద నడుస్తాయి కాబట్టి ఈ లోపాలు మీకూ ఉండే అవకాశం ఎక్కువ. పాఠకుడు అలసిపోయి వెళ్ళిపోవడానికి ఇవి నిశ్శబ్దమైన కారణాలు. ఎవరూ ఫిర్యాదు చేయరు, అంతే.

వరసల మధ్య ఎడం మొదటిది. ఇంగ్లీషు థీములో అది అక్షరం కొలతకు 1.4, 1.5 రెట్లు ఉంటుంది. మనకు కింద ఒత్తులు, పైన గుళ్ళు ఉంటాయి. “రాష్ట్రం”లో ఒత్తులు కింది వరసలోని “కీ” నెత్తిన కూర్చుంటాయి. వ్యాసానికి కనీసం 1.7 పెట్టండి. శీర్షికలకు ఇంగ్లీషు థీములు 1.1, 1.2 పెడతాయి, అక్కడ పరిస్థితి మరీ ఘోరం. కార్డుల్లో అయితే అడుగు ఒత్తు సగానికి తెగిపోతుంది. కార్డులంటే నాకు గిట్టకపోవడానికి ఇదొక కారణం.

అక్షరాన్ని 18 పిక్సెళ్ళ కన్నా తగ్గించకండి. 18 పెడితే మామూలు ఫోనులో వరసకు నాలుగైదు మాటలే పడతాయి. మన మాటలు పొడుగు. అందుకే రెండు అంచులూ సమం చేసే పేపరు అలవాటు ఇక్కడ పనికిరాదు. నాలుగు మాటల వరసను సాగదీస్తే మధ్యలో ఖాళీలే కనిపిస్తాయి. ఎడమకు సర్ది, కుడి అంచును దాని మానాన వదిలేయండి.

బొద్దు అక్షరాలు జాగ్రత్త. మండలి వంటి ఫాంట్లు ఒకే మందంతో వచ్చాయి. వాటికి బొద్దు అడిగితే బ్రౌజరు తానే పూత పూస్తుంది, “ఱ”, “ణ” లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగులో నిజమైన మందాలు ఉన్నాయి. వాలు అక్షరాలు మన లిపికి అలవాటు లేవు, బ్రౌజరు వంచి చూపేవి చదవడానికి బాగుండవు. ఉల్లేఖనలకు రంగో, ఎడమ పక్క గీతో చాలు.

వ్యాసం పాఠానికి వెబ్ ఫాంటు (పేజీతో పాటు సైటు నుంచి దిగే ఫాంటు) అవసరమా అన్నది కూడా ఆలోచించండి. ఒత్తులూ గుణింతాల కలయికలకు విడి రూపాలు కావాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషుదాని కన్నా బరువు. అది ఆలస్యంగా దిగితే, చదువుతున్న వరస ఉన్నట్టుండి కిందికో పైకో జారుతుంది. ప్రకటనలు ఆలస్యంగా వచ్చినా అదే జరుగుతుంది. గూగుల్ ఈ జారుడును కొలిచి, 0.1 లోపు ఉంటే మంచిదంటుంది. అతి ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది ఆ సంస్థదే మరో కొలత. ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది. వ్యాసానికి దాన్నే వాడుకుని, మీకు నచ్చిన ఫాంటును శీర్షికలకు ఉంచుకోండి. ప్రకటనకు ముందే కొలిచి చోటు వదలండి.

ఇంకొక సంగతి. పాత వ్యాసాలు డీటీపీకి వాడే, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో ఉంటే, పేజ్‌మేకర్ పేజీలను బొమ్మలుగానో పీడీఎఫ్‌గానో పెట్టేసి ఊరుకోకండి. ఫోనులో వేళ్ళతో సాగదీసి చదవడం శిక్ష, పైగా వెతికితే దొరకదు. యూనికోడ్‌లోకి మార్చి, ఒకరు కూర్చుని ఒత్తులు సరిచూడాలి. మార్పిడిలో తప్పులు ఎక్కువగా అక్కడే పడతాయి. మీ స్థానిక చరిత్ర వ్యాసాలకు ఈ శ్రమ తప్పదు.

పెద్ద వ్యాసం ఎలా ఉండాలి

ఒకే పేజీలో ఉండాలి. “తరువాతి పేజీ” బొత్తాలతో ఆరు ముక్కలు చేస్తే పేజీ వీక్షణలు పెరుగుతాయి, చదివినవాళ్ళు తగ్గుతారు. ప్రతి బొత్తామూ వెళ్ళిపోవడానికి ఒక అవకాశం.

ఉపశీర్షికలు విషయం చెప్పాలి. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మీద ఒక సుదీర్ఘ వ్యాసానికి పేజీ చేశాం. ముందు ఉపశీర్షికలు “నేపథ్యం”, “పరిణామాలు”, “ముగింపు” అని ఉండేవి. అవి ఏ వ్యాసానికైనా అతుకుతాయి, అంటే దేనికీ పనికిరావు. వాటిని “అక్షరాస్యత తరగతుల నుంచి సారా దుకాణం దాకా”, “వేలంపాటలను అడ్డుకున్న ఆడవాళ్ళు”, “1993 అక్టోబరు 1: సారా నిషేధం” అని మార్చాం. పైపైన చూసినవాళ్ళకు కూడా కథ అందింది. ఏదో ఒక ఉపశీర్షిక దగ్గర ఆగి, అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు. ప్రతి ఉపశీర్షికకూ విడి లింకు ఉంటే ఆ భాగాన్నే పంచుకోవచ్చు.

ఆపిన చోటును పేజీ గుర్తుపెట్టుకోవాలి. తక్కువ జ్ఞాపకశక్తి ఉన్న ఫోనులో మరో యాప్ తెరిచి వస్తే బ్రౌజరు పేజీని మళ్ళీ మొదటి నుంచి లోడు చేస్తుంది, పాఠకుడు మళ్ళీ శీర్షిక దగ్గర పడతాడు. ఎక్కడిదాకా చదివారో ఫోనులో రాసిపెట్టి, తిరిగి వచ్చినప్పుడు “ఆపిన చోటికి” అని చిన్న బొత్తాం చూపించండి. తనంతట తాను కిందికి దూకించకండి, కంగారుపడతారు. ఒక పరిమితి ఉంది: ఫేస్‌బుక్ తన లోపలి బ్రౌజరులోనే లింకులు తెరుస్తుంది. అక్కడ సగం చదివి తరవాత క్రోమ్‌లో తెరిస్తే ఈ గుర్తు ఉండదు.

చదివే సమయం చూపించే ప్లగిన్‌లను యథాతథంగా వాడకండి. అవి ఇంగ్లీషు వేగంతో, నిమిషానికి రెండు వందల పైచిలుకు మాటల చొప్పున భాగిస్తాయి. విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోయే తెలుగులో ఆ లెక్క సమయాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. డెస్కులో ఇద్దరు ముగ్గురిచేత చదివించి, మీ వేగం మీరు కట్టుకోండి.

వీడియోల గురించి క్లుప్తంగా: వేలం కేంద్రం ఎలా నడుస్తుందో చూపడానికి వీడియో మంచిది. వ్యాసాన్ని ఒకరు కెమెరా ముందు చదవడానికి వద్దు. అంతులేకుండా కిందికి సాగే పేజీలు కూడా వద్దు. వ్యాసం అయిపోయిందని తెలియాలి, అక్కడ ఒకటో రెండో సంబంధమున్న వ్యాసాలు ఉండాలి. వేరే కంపెనీల ప్రత్యేక రూపాల కోసం పేజీలు రాయించుకోవడం కూడా వద్దు: ఫేస్‌బుక్ 2015లో తెచ్చిన ఇన్‌స్టంట్ ఆర్టికల్స్‌ను 2023లో ఎత్తేసింది. 2024 ఆగస్టు నుంచి గూగుల్ మన దేశంలోనూ వెతుకులాట ఫలితాల పైన ఏఐ సారాంశాలు చూపిస్తోంది. ఎక్కడైనా దొరికే సమాచారాన్ని 300 మాటల్లో రాస్తే దానికోసం మీ దాకా ఎవరూ రానక్కరలేదు. కుదింపు వద్దనడానికి ఇదీ ఒక కారణం.

ముందు ఏది చేయాలంటే, వరసల ఎడమూ అక్షరం కొలతా మార్చడం, పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్ అయిన సీఎస్ఎస్‌లో ఒక పూట పని. అది ఈ వారమే చేయించండి. తరవాత వ్యాసం పేజీ మొదటి తెర. ధరల పేజీ వచ్చే వేలాల సీజను మొదలయ్యేలోపు సిద్ధం కావాలి. రైతు మొదటి వారంలో ఏ పేజీకి అలవాటుపడతాడో సీజనంతా దాన్నే తెరుస్తాడు. కుదింపు మీద మీ డిజైనర్ ఇంకా పట్టుబడితే, ఒకే వ్యాసాన్ని రెండు రూపాల్లో పెట్టి రెండు వేర్వేరు గ్రూపులకు పంపి, 75 శాతం గుర్తు దాటినవాళ్ళను ఆయన చేతే లెక్కించమనండి.